శ్రీ సెమినారాభ్యుదయము

కావ్యం మొదలుపెట్టేముందు విఘ్నేశ్వరుణ్ణి తలుచుకోవడం పూర్వకవుల ఆచారం. నా కావ్యంలో విఘ్నాలన్నీ హెచ్‌డీఎంఐ తీగ అధీనంలో ఉన్నాయి కాబట్టి మొదటి దండం దానికే. ఓ తీగా! వాసుకి వంటి నిడుపాటి మేను దాల్చి, ఒక కొస వక్తగారి ల్యాప్‌టాప్ నోటను, రెండవ కొస ప్రొజెక్టరు చెవినను పెట్టుకొని, ఇటు భౌతికశాస్త్రాచార్యులును అటు అటెండరును నిన్ను పట్టి మథించుచుండగా, అమృతంబు మాట దేవుడెరుగు, ‘నో సిగ్నల్’ అను నీలవర్ణపు హాలాహలంబును తెరనిండ వెలిగ్రక్కి, తలకు 8,600 కోట్ల నాడీకణములు గల మహామహులను చేష్టలుడిగి నిలుచునట్లు చేయు నీ మహిమ వర్ణింప నా తరమా?

ఆ 8,600 కోట్ల లెక్క కవిసమయం కాదు. అంతకుముందు అందరూ గుండుగుత్తగా పదివేల కోట్లనేవారు. ఎవరు లెక్కపెట్టారని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్, ఆమె సహచరులు నాలుగు మానవ మెదళ్లను ద్రావణంలో నలిపి, పులుసు చేసి, అందులో తేలే కణకేంద్రకాలను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి తేల్చారు. ‘నా బుర్ర తినకురా’ అని పిల్లల్ని కసరడం వరకే మనకు తెలుసు. బుర్రను పులుసు పెట్టి లెక్క తీసినవాళ్లు వాళ్లు.

స్తుతి అయింది. ఇక కుకవినింద. నాడీశాస్త్రంలో బహుశాస్త్ర పరిశోధన అని పేరు పెట్టుకుని వరసగా జరిగే ఈ ఉపన్యాసాలకు కుకవి ఎవరంటే, వక్తను పరిచయం చేసే పెద్దమనిషి. (ఏ విశ్వవిద్యాలయమని అడక్కండి. చెబితే వచ్చే నెల నుంచి నాకు లింకు పంపరు.) ‘వీరికి పరిచయం అక్కర్లేదు’ అని మొదలుపెట్టి పావుగంట పరిచయం చేస్తాడు. పుట్టిన ఊరు, చదివిన బడి, ప్రచురించిన పత్రాలు, అందుకున్న పతకాలు, విదేశాల్లో తిరిగిన నగరాలు, చివరికి వక్తగారి భార్య ఉద్యోగం వరకు షష్ఠ్యంతాలు వేస్తాడు. వక్త చేతులు కట్టుకుని, తన గురించి తనకే కొత్త సంగతులు తెలుస్తున్నట్టు నిలబడి ఉంటాడు. ఆ పావుగంట కోత తర్వాత ఉపన్యాసం మీద పడుతుంది. మెదడు ఎలా నేర్చుకుంటుందో చెప్పాల్సిన చివరి పది స్లైడ్లు ‘సమయం లేదు’ అనే గాలివానకు కొట్టుకుపోతాయి.

పురవర్ణన లేని కావ్యం కావ్యం కాదు. సెమినారు జరిగే పురంలో వర్ణించడానికి పార్కింగు తప్ప ఏమీ కనబడలేదు. అందుకని కవి తన సొంత పురాలనే వర్ణిస్తాడు.

పశ్చిమ కర్నూలు సీమయందు, కొండల నెత్తిన కోటయు, కోట కాళ్లకడ పేటయు, పేట నిండ పత్తియు గలిగి, శరత్కాల మేఘంబులు తోవ తప్పి దిగివచ్చి 170 కిలోల బేళ్లుగా కట్టుబడెనో యన జిన్నింగ్ మిల్లుల ముంగిళ్ల దూది గుట్టలు వెలుగ, సిద్ది మసూద్‌ఖాన్ కట్టించిన జామియా మసీదు మినార్లు ఆ దూదిమబ్బులకు గొడుగుకర్రలై యొప్ప, ముంబయి నుండి చెన్నైకేగు రైళ్లు క్షణకాలమాగి నిట్టూర్చి పోవ, తన్ను లోకులు ‘రెండో బొంబాయి’ యని పిలువ నిక్కి చూచుచుండు ఆదోని యను పట్టణంబు గలదు. దానికి రెండామడల దూరంలో ఎమ్మిగనూరు. ఆ ఊరి చప్పుడు వేరు. అక్కడ పొద్దు మగ్గంతో లేస్తుంది. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేతకారుల సహకార సంఘం పెట్టాడు. 1954లో పద్మశ్రీ బిరుదులు మొట్టమొదట ఇచ్చినప్పుడు ఆయనకూ ఒకటి వచ్చింది. ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోనక్కర్లేదు గాని 1938ని పెట్టుకోండి, దానితో పని పడుతుంది.

ఈ రెండు ఊళ్లవాడికి మెదడు మీద సెమినార్లతో పనేమిటని మా వాళ్లే అడుగుతారు. ‘యాడికి ప్పా, బుర్రలో ఏముందో చూసేకి హైదరాబాదు దాకా పోవల్లనా?’ అని. పోవాలి. ఎందుకో కథలోనే తెలుస్తుంది.

సేనలు దిగుతున్నాయి. ముందు వరసలో న్యూరాలజిస్టులు. మెడలో స్టెతస్కోపు లేకపోయినా ఉన్నట్టే నడుస్తారు. ఫోను మోగితే బయటికి పోతారు, వక్త అసలు సంగతికి వచ్చేసరికి రెండోసారి మోగుతుంది. వారి వెనక మనస్తత్వశాస్త్రం వాళ్లు. ఎవరు ఏ కుర్చీ ఎంచుకున్నారో గమనించుకుంటూ తమ కుర్చీ తామే చివరికి ఎంచుకుంటారు. కుడిరెక్కన ఇంజనీర్లు. మెదడంటే ఇంకా సరిగ్గా తయారుకాని కంప్యూటరని వీరి నిశ్చయం. ఎడమరెక్కన భౌతికశాస్త్రజ్ఞులు. ‘లెక్క సులువు కావడానికి మెదడు గుండ్రంగా ఉందనుకుందాం’ అంటారు, ఆ తర్వాత నిజంగానే అనుకుంటారు. భాషాశాస్త్రజ్ఞులు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వక్త తప్పు పలికిన మాటల్ని కాగితం మూల మీద రాసుకుంటూ. తత్త్వశాస్త్రం నుంచి ఒక్కడే వస్తాడు. అతడు అభిమన్యుడు. ప్రశ్నలోకి దూరడం తెలుసు, బయటపడటం తెలియదు. చివరి వరసలు విద్యార్థి అక్షౌహిణులవి. హాజరుపట్టీ చేతులు మారేదాకా నిటారుగా ఉండి, మారిన మరుక్షణం ఫోనువైపు తలలు వంచుతాయి.

యుద్ధవర్ణన అంటే ప్రశ్నల ఘట్టమే. ‘నాది ప్రశ్న కాదు, చిన్న వ్యాఖ్య’ అని లేచేవాడు విల్లు ఎక్కుపెట్టినట్టే లెక్క. ఈ సంప్రదాయం మనవాళ్లు కనిపెట్టింది కాదు. దీనికి మూలపురుషుడు ఇటలీ దేశస్థుడు కామిల్లో గాల్జీ. 1873లో అబ్బియాతెగ్రాసో అనే చిన్న ఊరి ఆస్పత్రిలో, వంటగదినే ప్రయోగశాల చేసుకుని, మెదడు ముక్కల్ని పొటాషియం డైక్రోమేటులో ఊరబెట్టి, సిల్వర్ నైట్రేటులో ముంచి, నాడీకణాలు నల్లగా తేలే పద్ధతి కనుక్కున్నాడు. ఆ రంగు నూటికి ఏ ఒకటి రెండు కణాలకో పడుతుంది, మిగతావి పట్టించుకోదు. అన్నిటికీ పట్టి ఉంటే అంతా నల్లటి మచ్చ. కొన్నిటికే పట్టడం వల్ల ఒక్కొక్క కణం కొమ్మలతో, వేళ్లతో విడిగా కనబడింది. స్పెయిన్‌లో శాంటియాగో రమోన్ ఈ కహాల్ అదే రంగు పట్టుకుని ఏళ్ల తరబడి బొమ్మలు గీశాడు. నాడీకణాలు దేనికది వేరు, ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటాయన్నాడు. కాదు, అంతా ఒకటే వల అన్నాడు రంగు కనిపెట్టిన గాల్జీ. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. స్టాక్‌హోం వేదిక మీద గాల్జీ తన నోబెల్ ఉపన్యాసమంతా కహాల్ సిద్ధాంతాన్ని ఖండించడానికే వాడుకున్నాడు. పక్కన కూర్చుని సగం బహుమతి పంచుకున్నవాణ్ణి అంతసేపు తిట్టిన మహావీరుడు మరొకడు శాస్త్రచరిత్రలో నాకు కనబడలేదు.

చివరికి కహాలే గెలిచాడు, అయితే అతను పోయిన చాలా ఏళ్లకు, 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఆ ఖాళీని చూపించాక. కణానికీ కణానికీ మధ్య ఆ సందు దాదాపు 20 నానోమీటర్లు. మా ఆదోని యార్డులో రైతు వేళ్ల మధ్య నలిపి చూసే పత్తి పోగుంది చూశారూ, దాని మందంలో అలాంటి సందులు వందలకొద్దీ పడతాయి. గాల్జీ, కహాల్ వైరం అంతా ఆ సందు ఉందా లేదా అన్నదే. దాయాదుల తగాదాలు గెనెం గట్టు మీద జరగడం చూసినవాళ్లకు ఇందులో వింత ఉండదు.

ఇప్పుడు అల్పాహార ఘట్టం. సెమినారు పరంపరలో నిజంగా బహుశాస్త్ర సమ్మేళనం జరిగేది ఇక్కడే. హాల్లో ఒకరినొకరు చూసుకోని శాస్త్రాలు సమోసా పళ్లెం చుట్టూ భుజాలు రాసుకుంటాయి. త్రిపురాసురుని మూడు పురాల వలె మూడు మూలలు గలదై, లోపల బంగాళాదుంప రహస్యంగా కాగుతూ, పైన నూనె నిగనిగలాడుతూ ఆ సమోసా వెలుగుతుంది. మా ఊళ్లో అయితే ఈ వేళకు ఉగ్గాని, మిరపకాయ బజ్జి ఉండేవి అన్న తలంపు కవి మనసులో మెదులుతుంది. దాన్ని అణచుకుంటాడు. విశ్వవిద్యాలయాలకు ఉగ్గాని మీద ఇంకా పరిశోధన జరగలేదు.

పళ్లెం పక్కన అరటిపండు మీద ఒక చిన్న పండు ఈగ వాలింది. దాన్ని చేత్తో తోలినవాడు ఆచార్యుడు. తోలించుకున్నది ఎవరనుకున్నారు? 2024 అక్టోబరులో శాస్త్రవేత్తలు ఆ జాతి ఆడ ఈగ మెదడు పటం పూర్తి చేశారు. 1,39,255 నాడీకణాలు, వాటి మధ్య 5 కోట్లకు పైగా సంధులు. నువ్వుగింజ కంటే చిన్నదైన తలలో అంత వ్యవహారం నడుస్తోంది. వాలిన చోటు వాసన చూసి, చెయ్యి వస్తున్న దిక్కు కనిపెట్టి, కాళ్లు సర్దుకుని, ఎదురు దిశలో ఎగిరిపోయి, తిరిగి అదే పండు మీద వాలడానికి ఆ కణాలే చాలు. వక్తగారి స్లైడు మార్చే మీట మాత్రం మూడుసార్లు నొక్కినా పనిచేయలేదు. ఈగను నాయకుణ్ణి చేసి 2012లోనే సినిమా తీసిన రాజమౌళికి నాడీశాస్త్రంలో గౌరవ డాక్టరేటు ఇవ్వాలని నా ప్రతిపాదన.

మధ్యాహ్నం రెండున్నరకు అసలు రాక్షసుడు దిగుతాడు. పేరు అడినోసిన్. మెదడు బరువులో ఒంటి మొత్తానికి నూటికి రెండు పాళ్లే అయినా, తిన్నదాంట్లో అయిదో వంతు శక్తి తనే ఖర్చు పెడుతుంది. ఆ ఖర్చు ఏటీపీ అనే పదార్థం రూపంలో జరుగుతుంది. మేలుకున్నంతసేపూ అది ఖర్చవుతూ ఉంటే అడినోసిన్ మెదడులో పేరుకుంటూ ఉంటుంది. పేరుకున్నకొద్దీ నాడీకణాల మీద తన కోసం ఉన్న గ్రాహకాలను పట్టుకుని వాటి జోరు తగ్గిస్తుంది. రెప్పలు వాలతాయి. ముందు వరసలో ఒక ఆచార్యుని తల మెల్లగా వంగి, తృటిలో లేచి, తను ఏకీభవిస్తున్నట్టు వక్తకు నమ్మకం కలిగించి, మళ్లీ వంగింది. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి బయటపెట్టినవాడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. కాబట్టి మధ్యాహ్నం సెమినార్లో కునికే తెలుగువాడు సిగ్గుపడాల్సింది లేదు. నిద్రకు కూడా స్వదేశీ మూలాలున్నాయి.

రాక్షసునికి ప్రతివీరుడు టీ. కాగితపు కప్పులో, బొటనవేలంత ఎత్తులో, అడుగున చక్కెర కరగకుండా మిగిలిన టీ. అందులో ఉన్న కెఫీన్ అణువు చూపులకు అడినోసిన్‌కు దగ్గరి చుట్టంలా ఉంటుంది. మెదడుకు చేరి, అడినోసిన్ కూర్చోవాల్సిన గ్రాహకాల్లో తను కూర్చుంటుంది. కూర్చుని ఏ పనీ చేయదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినవాడు చేసే పని అదే. బస్సు కదలదు, వాడు కూడా ఎక్కడు, కానీ ఇంకొకడు కూర్చోవడానికి లేదు. అడినోసిన్ తలుపు దగ్గర నిలబడి గొణుక్కుంటుంది. తువ్వాలు తీసెయ్యగానే, అంటే టీ ప్రభావం తగ్గగానే, అంతసేపు పేరుకున్నదంతా ఒక్కసారి వచ్చి కూర్చుంటుంది. సాయంత్రం ఆరింటికి ఆదోని బస్సెక్కినవాడు ఎమ్మిగనూరు దాటాక గానీ కళ్లు తెరవకపోవడానికి ఇదీ ఒక కారణం.

నిద్రను మరీ తక్కువ చేయకండి. ఆస్ట్రియాలో ఓటో లోవీ ఒక రాత్రి కలలో ఒక ప్రయోగం చూశాడు. లేచి కాగితం మీద గీకి పడుకున్నాడు. తెల్లారి ఆ రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి అదే కల మళ్లీ వచ్చింది. ఈసారి లేచి తిన్నగా ప్రయోగశాలకు పోయాడు. రెండు కప్ప గుండెలు. ఒకదాని నాడిని కదిలించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండోదాని మీద పోస్తే రెండోదీ నెమ్మదించింది. నాడులు రసాయనాలతో మాట్లాడుకుంటాయని అలా తేలింది. 1921 నాటి ఆ పనికి 1936లో నోబెల్ వచ్చింది. అతను ఆ రెండు రాత్రులూ సెమినార్లో కూర్చుని ఉంటే ఏమయ్యేదో!

ఇంతవరకు నవ్వులాట. ఇప్పుడు మా రెండు ఊళ్లవాడు హైదరాబాదు దాకా ఎందుకు పోవాలో చెబుతాను.

పై సేనలన్నీ నిజంగా ఒక్క రథం ఎక్కి ఒక్క దిక్కుకు పోయిన సందర్భం తెలుగునేల మీదే ఉంది. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి దానికి సారథి. భాషాపరిశోధకురాలు వసంత దుగ్గిరాల, మెదడును లెక్కల్లో చదివే బాపిరాజు సూరంపూడి, నిమ్స్ న్యూరాలజిస్టు సుభాష్ కౌల్, స్కాట్లండ్ ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, మరికొందరు తోడు. మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా వచ్చిన 648 మందిని పరిశీలించారు. అందులో 391 మంది ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష మాట్లాడేవాళ్లతో పోలిస్తే వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అంతకుముందు కెనడాలో ఇలాంటి మాట వచ్చినప్పుడు, అక్కడ రెండు భాషల వాళ్లు ఎక్కువగా వలసవచ్చినవాళ్లు కదా, అదే కారణమేమో అన్నారు. చదువు ఎక్కువేమో అన్నారు. హైదరాబాదులో ఆ సాకులు చెల్లలేదు. ఇక్కడ రెండు భాషలు మాట్లాడటానికి వలస పోనక్కర్లేదు, బడికీ పోనక్కర్లేదు, పాలవాడితో మాట్లాడితే చాలు. బడి గడప తొక్కనివాళ్లలో కూడా ఆ తేడా కనబడింది. తర్వాత ఈ విషయం మీద వేరే దేశాల్లో వేరే ఫలితాలూ వచ్చాయి, వాదం ఇంకా నడుస్తోంది. కానీ ఆ వాదంలో తీసెయ్యలేని సాక్ష్యంగా నిలిచింది చదువురాని, రెండు భాషలు వచ్చిన మన ముసలివాళ్లే.

ఆదోని పత్తి యార్డులో పొద్దున్నే నిలబడి చూడండి. రైతు శిరుగుప్ప దిక్కు నుంచి వస్తే కన్నడం. మిల్లు సేటుతో హిందీ. బండి వాడితో ఉర్దూ. ఇంటికి ఫోను చేస్తే తెలుగు. ఒక్క బోరెం కాటా మీదికెక్కి దిగేలోపు ఒకే నోట నాలుగు భాషలు. నాకు తెలిసిన ఒక పెద్దాయన అక్కడ ఎన్నో ఏళ్లు బోరాలు మోశాడు. నాలుగున్నరేళ్ల సంగతి ఆయనకు చెప్పాను. ఆయన కాసేపు లెక్క వేసుకున్నాడు.

‘రెండు భాషలకే నాలుగున్నరేండ్లంటే, నాకు నాలుగొస్తాయి గదా సామీ, తొమ్మిదేండ్లు రావల్ల.’

రెండుకు మించి ఎన్ని వచ్చినా అదనంగా ఏమీ కలిసిరాలేదని ఆ పరిశోధనలోనే ఉంది. అదీ చెప్పాను.

‘అట్లనా! సైన్సోళ్లు గూడా తరుగు తీస్తారన్నమాట.’

యార్డులో తేమ పేరుతో, చెత్త పేరుతో, బోరెం బరువు పేరుతో తరుగు తీయించుకున్నవాడు తప్ప ఈ మాట ఇంకెవరూ అనలేరు. ఆ ప్రశ్నోత్తరాల ఘట్టానికి హాల్లో ఎంత పెద్ద వీరుడు లేచినా సమానం కాడు. ‘నాది ప్రశ్న కాదు, వ్యాఖ్య’ అని ఆయన అనలేదు కూడా.

అయితే రెండు భాషలు మెదడుకు మంచివని చెప్పే సెమినారు ఏ భాషలో జరుగుతుంది? ఒకే భాషలో. వక్తకు తెలుగొచ్చు, అటెండరుకు తెలుగొచ్చు, నిద్రపోయే ఆచార్యుడు తెలుగులోనే కలవరిస్తాడు. మైకు దగ్గరికి రాగానే అందరికీ ఏకభాషావ్రతం. బయట టీ దగ్గర ఆ వక్తే తన పరిశోధనను రెండు నిమిషాల్లో తేట తెలుగులో చెప్పాడు, అది లోపల చెప్పిన గంటకంటే బాగా అర్థమైంది. నా ఫిర్యాదంతా ఇదే. మెదడు గురించి తెలిసిన గొప్ప సంగతుల్లో ఒకటి మన ముసలమ్మల నోటి నుంచి వచ్చింది. తిరిగి వాళ్లకు చెప్పడానికి ఒక్క సెమినారు లేదు.

కొలతల్లోనూ ఇదే వరస. చాలా ఏళ్లు ఏ మెదడు స్కానింగు బొమ్మనైనా కెనడాలోని మాంట్రియల్ సంస్థ తయారుచేసిన నమూనా తలకు సరిచూసేవారు. 2019లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్లు వందమంది భారతీయుల స్కానింగులతో మన నమూనా ఒకటి తయారుచేశారు. సగటున మన మెదడు ఆ మాంట్రియల్ నమూనా కంటే పొడవులో, వెడల్పులో, ఘనపరిమాణంలో కాస్త చిన్నదని తేలింది. ఆ వార్త రాగానే పౌరుషాలు పొంగాయి, వాట్సాప్ బృందాల్లో కత్తులు దూశారు. నిజానికి అది తెలివికి సంబంధించిన సంగతే కాదు. మనది కాని కొలతతో మన రోగిని చూస్తే, ఉన్న మెదడే కుంచించుకుపోయినట్టు డాక్టరు పొరబడే ప్రమాదముంది. ఆ భయం తగ్గించడానికే కొత్త నమూనా.

ఇక 1938 దగ్గరికి వద్దాం. 1937, 38 సంవత్సరాల్లో ఎడిన్‌బరోలో ఒక ఉపన్యాస పరంపర జరిగింది. వక్త చార్లెస్ షెరింగ్‌టన్. నాడీకణాల మధ్య ఆ సందుకు సినాప్స్ అని పేరు పెట్టింది ఆయనే, 1897లో. 1932లో నోబెల్ వచ్చింది. ఆ ఉపన్యాసాలు 1940లో పుస్తకమయ్యాయి. అందులో ఒక చోట, నిద్ర నుంచి మేలుకునే మెదడును మంత్రించిన మగ్గంగా వర్ణిస్తాడు. లక్షల కొద్దీ మెరుపు నాడెలు అటూ ఇటూ పరుగెత్తుతూ, నిలవకుండా మారిపోయే ఒక అల్లిక నేస్తుంటాయని. నాడీశాస్త్రంలో ఇంతకంటే పేరుపొందిన వర్ణన లేదు. ఇప్పటికీ ఏ సెమినారు మొదటి స్లైడులోనో దర్శనమిస్తుంది. స్కాట్లండ్‌లో ఆయన మెదడును మగ్గమంటున్న రోజుల్లోనే, ఎమ్మిగనూరులో సోమప్ప నిజం మగ్గాలను ఒక సంఘం కిందికి తెచ్చాడు. ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు. నాకు మాత్రం ఉన్నట్టే తోస్తుంది.

మగ్గం ఏమిటో తెలియనివాళ్ల ముందు మెదడు మగ్గం వంటిదంటే ప్రయోజనమేమిటి? ఎమ్మిగనూరులో ఆసు పోసేది ఒకరు, రంగు అద్దేది ఒకరు, గంజి పెట్టేది ఇంకొకరు, కండెలు చుట్టేది ఇంట్లో ఆడవాళ్లు, గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసేది వేరొకరు. జకార్డ్ మగ్గానికి పైన వేలాడే అట్టల్లో ఏ చిల్లు ఎక్కడ పడితే ఏ పువ్వు వస్తుందో అట్టలు కొట్టేవాడికి తెలుసు, నేసేవాడికి చేతితో తెలుసు, ఒకరి విద్య మరొకరికి రాదు. ఇంతమంది కలిసి ఒక చీర తీస్తారు, దాన్ని బహుశాస్త్ర సమ్మేళనమని ఎవరూ పోస్టరు వేయరు. 1804 నాటి ఫ్రెంచి జకార్డ్ చిల్లుల అట్టలనే చూసి ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలు వాడాలనుకున్నాడు. కుడిరెక్కన కూర్చున్న ఇంజనీర్ల కంప్యూటరుకు ముత్తాత మగ్గమే.

షెరింగ్‌టన్ మగ్గంలో ఒక లోటుంది. నాడెలున్నాయి, అల్లిక ఉంది, నేసేవాడు లేడు. నేస్తున్నది ఎవరన్నదే ఈ సెమినార్లన్నీ చుట్టూ తిరిగి లోపలికి పోలేని ప్రశ్న. తత్త్వశాస్త్రం అభిమన్యుడు లేచి అడిగేది ఎప్పుడూ అదే, అందుకే మైకు లాక్కుంటారు. ఎమ్మిగనూరు నేతగాడు దీని గురించి ఏమంటాడో నాకు తెలియదు. పడుగులో ఒక్క పోగు తెగితే చూడకుండానే, నాడె చప్పుడు మారగానే ఆపేసి అతకడం మాత్రం చూశాను. ఆ ఆపడం ఎక్కడ పుడుతుందో, చెవిలోనా, చేతిలోనా, కాలికింది మెట్టులోనా, నాడీశాస్త్రజ్ఞుడు అతని పక్కన కూర్చుని అడగాలి. కొలవడానికి పరికరాలు ఆయన దగ్గరున్నాయి. తెగిన పోగును వినగల చెవి నేతగాడి దగ్గరుంది.

కాబట్టి వచ్చే విద్యాసంవత్సరం ఉపన్యాసాల పట్టిక వేసే ఆచార్యులకు నా మనవి. పట్టికలో ఒక్కటి తెలుగులో పెట్టండి, పూర్తిగా కుదరకపోతే ప్రశ్నల ఘట్టమైనా. వక్తకు కప్పే శాలువా ఎక్కడో ప్లాస్టిక్ సంచిలో కొనకుండా ఎమ్మిగనూరులో నేయించండి. నేసినవాణ్ణి కూడా పిలవండి, మొదటి వరసలో, న్యూరాలజిస్టు పక్కన కూర్చోబెట్టండి. యార్డు పెద్దాయన వస్తానన్నాడు, ఆయనకు బస్సు చార్జీ ఇవ్వండి, తరుగు తీయకండి. తేదీ మీ ఇష్టం. పుష్యమాసం పౌర్ణమి రోజుల్లో మాత్రం వద్దు. ఎమ్మిగనూరులో అప్పుడు నీలకంఠేశ్వరుని జాతర, ఎవరూ రారు.